కంప్యూటర్ సైన్స్ పక్కన వయొలిన్

2011లో ఒహాయోలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదవడానికి చేరాను. ప్రవేశ దరఖాస్తుతో పాటే సంగీత విభాగానికి ఇంకో దరఖాస్తు పంపాను. అది మ్యూజిక్ పెర్ఫార్మెన్స్ మైనర్ కోసం. వాద్యం అన్నచోట వయొలిన్ అని రాశాను. నాన్నగారికి ముందే చెప్పాను. “డిగ్రీ మాత్రం కంప్యూటర్స్‌లోనేనమ్మా. ఆ పక్కన నీకేం కావాలంటే అది చదువుకో” అన్నారు. ఆ మాట పట్టుకునే నాలుగేళ్లు గడిపాను.

అమెరికా చదువుల్లో మైనర్ అంటే మేజర్ అనే ప్రధాన విషయం పక్కన తక్కువ క్రెడిట్లతో చదివే రెండో విషయం. చాలా మైనర్లు తరగతి గదితో, పుస్తకాలతో పూర్తవుతాయి. పెర్ఫార్మెన్స్ మైనర్ అలా కుదరదు. చేరడానికే ఆడిషన్ ఉంటుంది. చేరాక వారం వారం గురువు ఎదుట ఒంటరిగా కూర్చునే పాఠం, ఆర్కెస్ట్రా, థియరీ, చెవికి శిక్షణ, ప్రతి సెమిస్టరు చివరా జ్యూరీ అనే వాద్య పరీక్ష. పాఠాలకు మామూలు ఫీజు మీద అదనపు ఫీజు కూడా కట్టాలి. ఆ డబ్బు కోసం నేను కంప్యూటర్ ల్యాబులో పనిచేశాను.

నా వయొలిన్ విజయనగరంలో మొదలైంది. మా మాస్టారు మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నవారు. సాయంత్రం ఇంటి అరుగు మీద చాప పరిచి పాఠం చెప్పేవారు. 1919లో విజయరామ గజపతి రాజు గారు ఆ కళాశాల పెట్టడం, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు కావడం, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ కావడం, ఇవన్నీ నేను సరళీ స్వరాలతో పాటే విన్నాను. నాయుడు గారిని మాస్టారు ఎప్పుడూ ‘ఫిడేలు నాయుడు గారు’ అనే అనేవారు. “కమాను కొస దాకా లాగమ్మా. సగంలో ఆపేస్తావేటి? నాయుడు గారి రికార్డు విను, నాదం ఎక్కడైనా తెగుతుందేటో చూడు” అని రోజూ చెప్పేవారు. పదో తరగతి అయ్యాక మేం అమెరికా వెళ్లాం. అక్కడి హైస్కూలు ఆర్కెస్ట్రాలో చేరి అయిదు గీతల స్వరలిపి నేర్చుకున్నాను.

ఆడిషన్‌లో వివాల్డి ఏ మైనర్ కాన్చెర్టో మొదటి భాగం వాయించాను. తర్వాత స్కేళ్లు అడిగారు. ఆపైన ఎప్పుడూ చూడని ఒక పేజీ ముందు పెట్టి చూస్తూ వాయించమన్నారు. ప్రవేశం దొరికింది. విభాగంలో అనుభవం ఉన్న ప్రొఫెసర్ల సమయం ముందుగా మేజర్ విద్యార్థులకే వెళ్తుంది. అది న్యాయమే, వాళ్ల బతుకంతా అందులోనే ఉంది కదా. మొదటి ఏడాది నాకు పాఠం చెప్పింది మాస్టర్స్ చేస్తున్న ఒక విద్యార్థిని. నేను నేర్చుకున్నది ఏదీ చెరపకుండా కొత్తది నేర్పిన మనిషి ఆవిడ.

కర్ణాటక పద్ధతిలో నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. బరువంతా ఛాతీకీ పాదానికీ మధ్య ఉంటుంది కాబట్టి ఎడమ చేయి తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది. గమకానికి ప్రాణం ఆ జారుడులోనే ఉంది. తీగల శ్రుతి స, ప, స, ప. పాశ్చాత్య పద్ధతిలో నిలబడి లేదా కుర్చీలో కూర్చుని, గడ్డం కింద పట్టుకోవాలి. తీగలు జీ, డీ, ఏ, ఈ. నాలుగు వేళ్లూ సమానంగా పనిచేయాలి. స్వరం నిలిస్తే ఒకేచోట తిన్నగా నిలవాలి, దానికి వైబ్రాటో అద్దాలి. అది కంపిత గమకం కాదు. కంపితంలో ఊపు రాగానిది. వైబ్రాటోలో ఊపు నాదానికి నిండుదనం ఇవ్వడానికి. ఈ తేడా చేతికి అందడానికి చాలా నెలలు పట్టింది. ఆ నెలలన్నీ సంగీత భవనం నేలమాళిగలోని ప్రాక్టీస్ గదుల్లో గడిచాయి. ఒక గోడకు పియానో, ఒక స్టాండు, ఒక కుర్చీ, అంతే. రాత్రి ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లు ముగించి, పొద్దున్నే మేజర్ విద్యార్థులు రాకముందు గది పట్టుకునేదాన్ని.

థియరీ క్లాసు నాకు ఇష్టమైనది. మేజర్ స్కేలు మన ఇరవై తొమ్మిదో మేళం ధీరశంకరాభరణం. నాచురల్ మైనర్ నఠభైరవి, హార్మోనిక్ మైనర్ కీరవాణి. చూసి పాడే పరీక్షలో వాళ్ల మొదటి స్వరం డో ఎక్కడ పెడితే అక్కడే షడ్జం. చిన్నప్పటి నుంచీ మనం చేసేది అదే కాబట్టి నాకు తేలికయింది. కానీ హార్మనీ రాయడం దగ్గర మొదటిసారి కొత్త లోకం ఎదురైంది. నాలుగు గొంతులకు స్వరాలు రాసేటప్పుడు రెండు గొంతులు పంచమ దూరంలో జంటగా కదలకూడదని నియమం. అలా కదిలితే రెండూ కలిసి ఒక్కటిగా వినిపిస్తాయి, దేని దారి దానికి ఉండదు. తంబురాలో షడ్జ పంచమాలు వింటూ పెరిగిన నాకు పంచమం అంటే ఇల్లు. మరొకరి సంగీతంలో అదే పంచమాన్ని అంత జాగ్రత్తగా వాడతారని తెలిశాక మన శ్రుతి విలువ నాకు మరింత బాగా తెలిసింది. ఒకే రాగం గీత మీద లోతుకు వెళ్లడం మన దారి. అనేక గీతలు ఒకేసారి నడవడం వాళ్ల దారి. రెండూ చేతితో చేసి చూశాకే ఈ మాట చెప్పే అర్హత వచ్చింది.

ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ల వరుసలో కూర్చున్నాను. అక్కడ కమాన్లన్నీ ఒకే దిక్కుకు కదలాలి. మన కచేరీలో వయొలిన్ గాయకుడి మనోధర్మాన్ని క్షణాల్లో పట్టుకుని జవాబిస్తుంది. ఆర్కెస్ట్రాలో మన జవాబు ఎప్పుడో రాసి ఉంటుంది. దాన్ని పక్కవారితో కలిపి చెప్పడమే విద్య. ఒక వసంతంలో స్వరకర్త ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ వాయించాం. ‘న్యూ వరల్డ్’ అని పిలిచే ఆ కృతిని ఆయన అమెరికాలో ఉన్నప్పుడు రాశారు. 1893లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో మొదటిసారి వినిపించారు. ఆఖరి భాగంలో ఇత్తడి వాద్యాలు ముఖ్య వరుస ఎత్తుకున్నప్పుడు నాకు నఠభైరవి ఛాయ వినిపించింది. ఆ ధ్వని లోపల కూర్చుని వాయించడం, బయట కూర్చుని వినడం ఒకటి కాదు. వెన్నులో నుంచి సంగీతం నడిచి వెళ్లినట్టుంటుంది.

సెమిస్టరు చివర జ్యూరీ. ముగ్గురు ప్రొఫెసర్లు బల్ల వెనుక కూర్చుంటారు. పియానో సహకారంతో కొద్ది నిమిషాలు వాయించాలి. వాళ్లు చప్పట్లు కొట్టరు, రాసుకుంటారు. తర్వాత ఆ కాగితాలు మన చేతికి వస్తాయి. రెండో ఏడాది ఒక కాగితంలో ‘శ్రుతి శుద్ధంగా ఉంది. వాక్యం ముగిసేచోట నాదం సన్నబడుతోంది. కమాను చివరి అంగుళం దాకా బరువు నిలపండి’ అని ఉంది. మాస్టారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. “మరి నేనేం చెప్పానమ్మా ఇన్నాళ్లూ!” అని నవ్వారు. రెండు ఖండాల గురువులు ఒకే మాట చెప్పారంటే అది కర్ణాటకం, పాశ్చాత్యం అన్న భేదాలకు అతీతమైన నాద సత్యం.

నాలుగో ఏడాది రిసైటల్ అనే చిన్న సొంత కచేరీ ఇవ్వాలి. అప్పటికి నా పాఠం ఒక సీనియర్ ప్రొఫెసర్ దగ్గర సాగుతోంది. మొదట బాఖ్ ఏ మైనర్ కాన్చెర్టో, తర్వాత నేల మీద కూర్చుని ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరం ఒకటి, శంకరాభరణంలో ఆలాపన, ఒక త్యాగరాజ కీర్తన వాయిస్తానని అడిగాను. ఆవిడ వెంటనే ఒప్పుకుని, కార్యక్రమ పత్రంలో ఆ చరిత్ర మొత్తం నువ్వే రాయాలని షరతు పెట్టారు. రాశాను. మద్రాసులో ఐరోపా బ్యాండు సంగీతం విని దీక్షితులు ఆ వరుసలకు సంస్కృత సాహిత్యం కట్టారనీ, ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అక్కడే వయొలిన్ నేర్చి మన సంగీతంలోకి తెచ్చారనీ, ద్వారం వారు ఆ వాద్యాన్ని ఒంటరి కచేరీకి తగిన గౌరవస్థానంలో కూర్చోబెట్టారనీ, 1952లో భారతదేశం వచ్చిన పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ ఆయన వాదన విని మెచ్చుకున్నారనీ రాశాను. మృదంగం వాయించిన విద్యార్థి క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవంలో పరిచయమైనవాడు. 1978 నుంచి ఏటా జరిగే ఆ ఉత్సవం ఒహాయోలోనే కావడం నాకు భాగ్యం.

రిసైటల్ అయ్యాక నాన్నగారు కార్యక్రమ పత్రం మడిచి జేబులో పెట్టుకున్నారు. “ఈ చదువు కూడా చదువే” అన్నారు. ఆయన నోట ఆ మాట రావాలనే నేను ఎదురు చూశాను.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, మా ఊరి ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాను. ఉద్యోగంలో చేరాక వాద్యం అటకెక్కించిన స్నేహితులు చాలామంది ఉన్నారు. వాళ్లకు ప్రేమ తక్కువ కాదు. వారం వారం వినే గురువు, తప్పనిసరిగా ఎక్కాల్సిన వేదిక, మొహమాటం లేకుండా రాసిచ్చే పరీక్షకులు లేకపోవడమే కారణం. మైనర్ నాకిచ్చింది ఆ మూడూ. అభిరుచి అని వదిలేస్తే సంగీతం తీరిక కోసం ఎదురుచూస్తుంది, చదువుగా పెట్టుకుంటే దానికంటూ సమయం ఉంటుంది.

మన దేశంలో కూడా 2020 జాతీయ విద్యావిధానం తర్వాత, 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన నాలుగేళ్ల డిగ్రీ నమూనాలో మేజర్‌తో పాటు మైనర్‌కూ చోటు కల్పించారు. విజయనగరంలో, హైదరాబాదులో, విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరుపతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత శాఖలు ఉన్నాయి. గురువులున్నారు, పిల్లలున్నారు. ఇంజనీరింగ్, సైన్స్, కామర్స్ చదివే పిల్లలు అక్కడికి వెళ్లి వాద్యం నేర్చుకుని, వాయించి, దానికి క్రెడిట్లు పొందే దారిని మన విశ్వవిద్యాలయాలు వేయాలి. తల్లిదండ్రులకు నాదొక మనవి. పదో తరగతి దాకా వయొలిన్ నేర్పించిన బిడ్డను ఇంటర్‌లో ఆపించకండి. డిగ్రీ పక్కన దానికి చోటు ఉంచండి.