ఎంబీబీఎస్సా, నర్సింగా?

నీట్ ఫలితాలు వచ్చే జూన్‌లో మా విజయవాడ సూర్యారావుపేటలో ఒక రకం పేషెంట్లు పెరుగుతారు. పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లలు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, నెలసరి తప్పడం, జుట్టు ఊడడం. హాస్టళ్ళలో లాంగ్‌టర్మ్ చదివి వచ్చినవాళ్ళు. హిమోగ్లోబిన్ చూస్తే తొమ్మిదో పదో ఉంటుంది. ఐరన్ మాత్రలు రాసి, వేళకు తిని పడుకోమని చెప్తాను. చీటీ చేతికిచ్చాక కూడా తండ్రి లేవడు. "డాక్టరు గారూ, ఇంకో ఏడాది చదివించమంటారా? బి కేటగిరీ సీటంటే ఎకరం అమ్మాలి. లేకపోతే ఏదో బీఎస్సీ నర్సింగ్‌లో పడేయాలి. నర్సంటే మంచి సంబంధాలు కూడా రావు."

పక్కన పిల్ల తల దించుకుంటుంది. నాకు మనసు కష్టపడేది అక్కడే. నర్సింగ్‌ని ర్యాంకు రానివాళ్ళకు మిగిలిన సీటుగా చూసే ఇంట్లో ఆ పిల్ల ఎందులో చేరినా ఓడిపోయినట్టే ఉంటుంది. ఈ రెంటిలో ఏదో తేల్చుకోవాల్సింది ర్యాంకు కార్డు చూసి కాదు, వార్డులో పని చూసి. ఆ పని ఎలా ఉంటుందో ఒక కేసు చెప్తాను.

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు బాగా పెరిగి, మోపిదేవి గుడిలో యాగం చేసేదాకా వెళ్ళిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను ఆ వైపు ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో, నాట్ల కాలంలో, ఒక తెల్లవారుజామున కడుపునొప్పని ఒక కూలీని తెచ్చారు. కాటు గుర్తు లేదు, వాపు లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం గాజు ట్యూబులో తీసి, ఇరవై నిమిషాలు ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఉంచి, వంచి చూశాం. గడ్డకట్టింది. రక్తపింజర కాదన్నమాట. చాలాచోట్ల గ్యాస్ నొప్పని ఇంటికి పంపేసే కేసు. నైట్ డ్యూటీ సిస్టర్ మాత్రం అతని మంచం దగ్గర్నుంచి కదల్లేదు. "సార్, వచ్చినప్పుడు నన్ను చూసి మాట్లాడాడు. ఇప్పుడు రెప్పలు ఎత్తలేకపోతున్నాడు, మాట ముక్కులోంచి వస్తోంది" అంది.

కట్లపాము. నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలో కరుస్తుంది, చాలామందికి నొప్పి కూడా తెలియదు. విషం నరాల మీద పనిచేసి ముందు రెప్పలు వాలతాయి, చివరికి ఊపిరి ఆగుతుంది. పది వయల్స్ యాంటీవీనం పెట్టమన్నాను. ఎక్కడం మొదలైన కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, బీపీ పడిపోయింది. అడ్రినలిన్ అప్పటికే సిరంజిలోకి తీసి పెట్టుకుని ఉంది ఆవిడ. ఇవ్వమన్నాను, తొడకు చేసింది. తర్వాత గొంతులో ట్యూబు వేసి, అంబూ బ్యాగు నొక్కుతూ విజయవాడ పంపాం. మనిషి దక్కాడు.

దగ్గర కూర్చుంది కాబట్టి ఆ మార్పు ఆవిడకు కనబడింది. కాటు గుర్తే లేని మనిషికి, వికటించే ప్రమాదమున్న మందు ఎక్కించాలా అన్నది తేల్చాల్సింది నేను. వికటిస్తే జవాబు చెప్పాల్సిందీ నేనే. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, హౌస్‌సర్జన్సీ ఏడాది, ఎండీ మూడేళ్ళు. ఇంత చదువూ అలాంటి నిమిషాల కోసమే.

మొన్న అలా తండ్రితో వచ్చిన ఒక అమ్మాయిని అడిగాను. "మీ నానమ్మ ఇక్కడ ఐసీయూలో ఉన్నప్పుడు ఎవరి పని చూస్తూ కూర్చున్నావమ్మా?" "సిస్టర్‌ది సార్. షుగర్ పడిపోతే వెంటనే గ్లూకోజ్ ఎక్కించారు. ఇన్సులిన్ తగ్గించడానికి మాత్రం మీకోసం ఆగారు. నర్సింగ్ చదివి, డోసు కూడా నేనే తేల్చే కోర్సు లేదా?"

ఉంది. 1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి దానికి పునాది వేశారు. నర్స్ ప్రాక్టీషనర్ అంటారు. రోగిని పరీక్షిస్తారు, మందులు రాస్తారు. ఇప్పుడు అక్కడ సగానికి పైగా రాష్ట్రాల్లో వాళ్ళు డాక్టరు పర్యవేక్షణ లేకుండా ప్రాక్టీసు చేసుకోవచ్చు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో మాత్రం మందు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాలి. మన దేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో ఇదే పేరుతో రెండేళ్ళ పీజీ కోర్సు పెట్టింది. కోర్సయితే వచ్చింది గానీ, సొంతంగా మందు రాసే అధికారం వెంట రాలేదు. ఇది దాచిపెట్టి ఆ అమ్మాయిని నర్సింగ్‌కి పంపడం అన్యాయం.

మన ఊళ్ళలో దీనికి దగ్గరగా ఉన్నది విలేజ్ క్లినిక్‌లో కూర్చునే ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్). బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్లలు, కాంట్రాక్టు ఉద్యోగం. కంకిపాడు వైపు నుంచి ఒక రైతు బీపీ తగ్గడం లేదని నా దగ్గరికొచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ఆ ఊరి ఎంఎల్‌హెచ్‌పీ రాసి పంపింది: "కూర్చుంటే 160, నిలబడితే 120. కళ్ళు తిరుగుతున్నాయని కోతల్లో మాత్రలు ఆపేస్తున్నారు." చీటీ లేకపోతే 160 చూసి ఎవరైనా డోసు పెంచేవారే. పెంచితే గట్టు మీద పడిపోయేవాడు. వేరేచోట రాసిన నీళ్ళ మాత్ర తీసేసి, రెండోది రాత్రికి మార్చాను. ఈ మాత్రం ఆ అమ్మాయికి తెలియదా? తెలుసు. కానీ బీపీకి డాక్టరు రాసిన మాత్ర ఇవ్వడం వరకే ఆమె పని. మార్చాలంటే ఈ-సంజీవనిలో డాక్టరుని పట్టుకోవాలి.

2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు అనగానే మా డాక్టర్లు దేశమంతా సమ్మె చేశారు. అర్హత లేనివాళ్ళు దొడ్డిదారిన వస్తారన్న భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఊరూరా ఆర్‌ఎంపీలు స్టిరాయిడ్ ఇంజెక్షన్లు చేస్తుంటే ఊరుకుని, నాలుగేళ్ళు నర్సింగ్ చదివిన పిల్ల బీపీ మాత్ర మార్చకూడదనడం నాకు మింగుడుపడదు. పైగా ప్రైవేటులో నర్సులకిచ్చే జీతాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వాళ్ళ తరఫున పట్టుబట్టి అడగాల్సింది మేమే.

కోర్సు లేదా అని అడిగిన అమ్మాయికి చెప్పాను: మీ ఊరి క్లినిక్‌లో ఒక వారం కూర్చో. రోగమేమిటో తేల్చడం మీదే మనసు పోతే ఇంకొక్క ఏడాది నీట్ రాయి. రోగిని నెలల తరబడి వెంట ఉండి చూసుకోవడం మీద పోతే నర్సింగ్‌లో చేరు, చేరాక పీజీ దాకా చదువు. మందు రాసే అధికారం వచ్చేసరికి నీలాంటివాళ్ళు తయారై ఉండాలి. తండ్రికి మాత్రం ఒక్కటే చెప్పాను. ఎకరం ఇప్పుడే బేరం పెట్టొద్దు, ముందు పిల్లకి రక్తం పట్టనివ్వండి.