గోడ దాటిన తలపు

డబ్లిన్ వెళ్ళినవారు కిల్మైన్‌హామ్ జైలు చూడకుండా రారు. 1924లో మూతబడిన ఆ జైలు ఇప్పుడు మ్యూజియం. 1916 ఈస్టర్ తిరుగుబాటు విఫలమయ్యాక పద్నాలుగుగురు నాయకులను ఈ రాతిగోడల నడుమనే కాల్చి చంపారు. ఆ రోజుల్లో కాన్‌స్టెన్స్ మార్కివిక్స్ కూడా ఇక్కడ బందీయే. స్త్రీ కావడంచేత మరణశిక్షను యావజ్జీవంగా మార్చి, తరువాత ఆమెను ఇంగ్లండులోని ఐల్స్‌బరీ జైలుకు పంపారు.

కవయిత్రి అయిన చెల్లెలు ఈవాయే ఆమెకు ప్రాణస్నేహితురాలు. జైలులో ఉత్తరాలకు లెక్క ఉంటుంది. వాటిని అధికారులు చదువుతారు. అందుకని అక్కచెల్లెళ్ళు రోజూ ఒకే వేళకు ఒకరినొకరు తలచుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. తలపును సెన్సారు చేయగల అధికారి ఎవరు?

1917లో అక్క విడుదలైంది. ఆమె జైలు ఉత్తరాలు 1934లో పుస్తకంగా వచ్చాయి. అప్పటికి ఇద్దరూ లేరు.

ఆ గదులు చూచి వస్తుంటే, మనవారికి ఉత్తరం వ్రాసి ఎన్నాళ్ళయిందో గుర్తుకు వస్తుంది.