బెజవాడలో ఇల్లు వెదకిన వైనము

పట్టణమున స్వగృహము కొనవలెనా, అద్దెయింటనే కాలము గడుపవలెనా యను ప్రశ్న నేడు ఉద్యోగస్థుల కుటుంబములలో తఱచుగా పుట్టుచున్నది. వెలను గూర్చియు అప్పును గూర్చియు పురుషులు మాటలాడుకొందురు. వాకిట నిలుచు వాననీటిని, కుళాయి వచ్చు వేళను, ఇరుగుపొరుగుల మంచిచెడ్డలను దినదినము అనుభవించువారము మాత్రము మనము. కావున ఉగాది మొదలు కార్తికము వఱకు బెజవాడ పేటలలో మేము తిరిగి చూచిన సంగతులను సోదరీమణుల యెదుట నుంచుచున్నాము. బెజవాడ యనగా విజయవాడయే. పాతపేరు మా నోటికి అలవడినది.

మావారు ఉపాధ్యాయులు. మాది దివిసీమ. మేముంటున్న యింటి యజమాని దానిని పడగొట్టి అపార్టుమెంటు కట్టించ దలచి, దీపావళి లోపల ఖాళీ చేయుడని ఉగాది నాడే చెప్పెను. పదేండ్లలో మూడుమాఱులు సామానులు మూటగట్టిన వారము. నాలుగవమాఱు కట్టవలసివచ్చుసరికి మనసు స్వగృహము మీదికి పోయినది. చేతనున్న రొక్కము స్వల్పము. పుట్టింటివారు పసుపుకుంకుమ క్రింద నిచ్చిన అరయెకరము మాగాణి కలదు. దానిని అమ్మినచో కొంత, నగలు తాకట్టు పెట్టినచో కొంత, మిగిలినది బ్యాంకు అప్పు. ఇదియే మా పెట్టుబడి.

మా అత్తగారి సంగతి ముందు చెప్పవలెను. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణములను గొన్నప్పుడు ఆమెకు పదునేడేండ్లు. నాటినుండి ఏ యింటికి పోయినను మొదట మెట్లు లెక్కించి, వీధికంటె గడప ఎంత యెత్తున నున్నదో చూచి గాని లోపల అడుగుపెట్టరు. బంధువులు దీనిని చాదస్తమని నవ్వుదురు. నవ్వినను సరే, ఇల్లు చూడబోవునపుడెల్ల ఆమెను వెంటబెట్టుకొనియే పోతిమి.

బెజవాడలో పేటను ఎంచుకొనుట యనగా నీటిని ఎంచుకొనుటయే యని మాకు తొలినాళ్లలోనే తెలిసినది. ఊరికి దక్షిణమున కృష్ణ. దానిపై పాత ఆనకట్ట 1855లో పూర్తియైనది. ఇప్పటి ప్రకాశము బరాజు 1957లో ఏర్పడినది. ఆ చోటినుండి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ ఊరి నడుమనుండి పొలములకు పోవుచున్నవి. పేటనుండి పేటకు పోవలెనన్న ఏదో యొక కాలువ వంతెన దాటక తప్పదు. ఇవి అందఱి కంటికి కనబడు నీళ్లు. ఉత్తరమున బుడమేరు కలదు. దానిని చూపువారు తక్కువ. మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు ఈ యేఱు సంవత్సరములో ఎక్కువ దినములు సన్నని మురుగుకాలువవలె నుండును. వరదవచ్చునపుడు దాని నీటిని వెలగలేరు వద్ద మళ్లించి వేఱొక కాలువ ద్వారా కృష్ణలోనికి పంపు ఏర్పాటు చేసియున్నారు. అయితే కృష్ణయే నిండి పొంగుచున్నపుడు ఆ నీరు పోవుటకు చోటేది?

2024 ఆగష్టు చివరను జరిగినది ఇదియే. కుండపోతగా వానలు కురిసి, మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడగా, సెప్టెంబరు 1వ తేదీ ఆదివారము నాడు బుడమేటి నీరు ఊరి ఉత్తరపు పేటలను ముంచినది. మఱునాడు ప్రకాశము బరాజు వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము నమోదయ్యెను. 2009 నాటి వరదకంటెను అది అధికము. కొన్ని వీధులలో వారమునకు పైగా నీరు తీయలేదు.

మాకు మొదట చూపబడిన యిల్లు ఆ వైపుననే, అజిత్‌సింగ్‌నగరు ప్రాంతమున నున్నది. రెండవ అంతస్తున రెండు పడకగదులు, తూర్పు వాకిలి, వెల 40 లక్షలు. వంటయింటి కిటికీ నుండి చక్కని వెలుతురు. మావారికి నచ్చినది, మాకును నచ్చినదని దాచనేల? వారములోగా బయానా ఇయ్యవలెననియు, వేఱొకరు సిద్ధముగా నున్నారనియు మధ్యవర్తి తొందరపెట్టెను. "రెండో అంతస్తమ్మా, నీళ్ల భయం మీకెందుకు?" అని ధైర్యము చెప్పెను.

మా అత్తగారు అప్పటికే క్రింద దిగి, ఎదురింటి ప్రహరీ వద్ద బట్టలారవేయుచున్న ఒక యిల్లాలితో మాటలాడుచుండిరి. గోడకు క్రొత్తగా సున్నము వేసియున్నను, మనిషి తలకంటె కొంచెము పైగా మట్టిరంగు గీత యొకటి లోపలినుండి తేలి కనబడుచున్నది. "ఇక్కడిదాకా వచ్చిందమ్మా. బీరువాలో పిల్లల సర్టిఫికెట్లు, స్థలం కాగితాలు అన్నీ నానిపోయాయి. మేడ మీద ఒక్కో కాగితం విడదీసి ఎండబెట్టుకున్నాం" అని ఆమె చెప్పెను. పైయంతస్తుల వారి మాటేమని మేమడుగగా, "వాళ్ల మీదికి నీళ్లు రాలేదు గానీ, కిందికి వాళ్లు దిగలేదు" అనెను. కరెంటు లేదు, మోటారు మునిగినది గనుక మిద్దెమీది తొట్టిలో నీరు లేదు, పాలపొట్లములు పడవలలోను ట్రాక్టర్లలోను వచ్చెను, కొన్ని వీధులకు ఆహారమును డ్రోనులతో జారవిడిచిరి. చూలాలగు తన కోడలిని పడవలో దింపిన సంగతి చెప్పునపుడు ఆమె గొంతు మాఱినది. ప్రభుత్వము వరదసాయము ప్రకటించినపుడు మునిగిన క్రింది యిండ్లకు 25,000 రూపాయలు, పైయంతస్తుల వారికి 10,000 రూపాయలు అని నిర్ణయించినది. పైనున్న వారును బాధితులే యనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఆ పేటలలో నున్న వేలాది కుటుంబములు తెలివితక్కువ వారని మా తలంపు కాదు. రైల్వేలోను, వర్తకములోను, కూలిపనులలోను ఊరిని నిలబెట్టువారు వారు. తమకు అందిన వెలకు దొరకిన నేలపై ఇల్లు కట్టుకొనిరి. ఏటికి త్రోవ విడువక ఊరు పెఱుగుటలో వారి తప్పెంత? ఆ యిల్లాలిని అమ్మివేయుదురా యని అడిగితిమి. "అమ్మితే కొనేదెవరమ్మా? మీలాంటివాళ్లు వచ్చి గోడ చూసి పోతున్నారు" అని నవ్వెను. ఆ నవ్వునకు మేము బదులు చెప్పలేకపోతిమి.

ఇంటికి వచ్చినపిదప మావారు లెక్కలు కట్టిరి. 30 లక్షల అప్పు, నూటికి 8.5 వడ్డీ, ఇరువదియేండ్ల గడువు అనుకొన్నచో నెలకు 26,000 రూపాయలు కట్టవలెను. 240 నెలలకు 62 లక్షలు దాటును. అనగా తెచ్చినదానికంటె వడ్డీయే ఎక్కువ. స్టాంపులు, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి నూటికి 7.5 చొప్పున మఱి 3 లక్షలు. ఆ యింటినే అద్దెకు తీసికొన్నచో నెలకు 10,000. సంవత్సరమునకు 1,20,000 రూపాయలు. అనగా ఇంటి వెలలో నూటికి మూడువంతులు మాత్రమే. అద్దెకిచ్చు డబ్బు నీళ్లపాలని మా బంధువులు తఱచు అందురు. బ్యాంకుకిచ్చు వడ్డీని మాత్రము వారు ఏ పాలనియు అనరు! అద్దె యేటేట పెఱుగును, యజమాని పొమ్మన్నపుడు పోవలెను, నిజమే. అప్పు తీఱినపిదప ఇల్లు మనది, అదియు నిజమే. కాని అపార్టుమెంటులో మనదగునది ఎంత? 1,050 చదరపుటడుగులని చెప్పిన ఇంటిని టేపు పెట్టి కొలిచి చూడగా గోడల నడుమ 780 మాత్రమే తేలినది. తక్కినది మెట్లు, నడవ, లిఫ్టు, గోడల మందము. గోడల నడుమ వాడుకొను జాగాను కార్పెటు ఏరియా యందురు. క్రొత్త కట్టడములవారు ఆ కొలతనే చెప్పవలెనని 2016 నాటి రెరా చట్టము విధించినది. పాత యిండ్లను కొనువారు తామే కొలుచుకొనవలెను. ఇక నేలలో మన విభజింపని వాటా 35 గజములు. గోడలు ఏటేట పాతబడును. వెల పెఱుగునది ఆ 35 గజములకే.

మఱియొక ముచ్చట. దస్తావేజు ఎవరి పేర వ్రాయింతురని మధ్యవర్తి మావారినే అడిగెను గాని మావైపు చూడలేదు. పసుపుకుంకుమ పొలము అమ్మి కొను యింటిలో స్త్రీ పేరు లేకుండుట మన యిండ్లలో సాధారణము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టములోని 14వ సెక్షను స్త్రీకి గల ఆస్తిపై ఆమెకు సంపూర్ణ హక్కునిచ్చినది. ఆ పొలమును అమ్మి, ఇల్లు ఇంకొకరి పేర వ్రాయించినచో ఆ హక్కు కాగితముపై ఎక్కడ నిలుచును? మావారు ఇద్దఱి పేర ననిరి. వారు ఆ మాట అనుటకు ఒక్క క్షణమైనను ఆలోచింపలేదని ఇక్కడ వ్రాయుట మాకు సంతోషము.

పంచవటిలో పర్ణశాలకు చోటు చూడుమని శ్రీరాముడు చెప్పగా, మీరే చూపుడని లక్ష్మణుడు విన్నవించెనని రామాయణములో నున్నది. ఆ చోటు వైదేహికి ప్రీతి కలిగింపవలెననియు, నీరు చేరువ నుండవలెననియు రాముడు ముందే చెప్పెను. మావారును చోటు చూచు పనిని మాకే విడిచిరి. నీటికి చేరువ నుండుట వేఱు, నీటి త్రోవలో నుండుట వేఱు. ఆ భేదమును వెదకుచు తక్కిన పేటలు తిరిగితిమి.

కృష్ణలంక పేరులోనే లంక కలదు. బస్సు నిలయము దగ్గఱ, నది చెంత. ఇంతకుముందు వరదలకు భయపడిన ఈ పేటను 2024లో నదివెంట కట్టిన రక్షణగోడ కాపాడినది. గోడను నమ్మి నిద్రించుట అలవడవలెను. మా అత్తగారికి అది ఈ జన్మమున అలవడదు. మొగల్రాజపురము ఎత్తు ప్రదేశము, ప్రాచీన గుహాలయములున్న కొండ. నీటి భయము లేదనుకొంటిమి. కాని అదే వానలలో, 2024 ఆగష్టు 31వ తేదీన, అక్కడ కొండచరియ విరిగి ఇండ్లపై పడి కొందఱు మరణించిరి. కొండకు దూరముగా నున్న వీధుల వెల మా అందుబాటులో లేదు. పటమట వైపు బెంజి సర్కిలు దాటిన తరువాత విద్యాలయములు మెండు, ధరలు అంతకంటె మెండు. నదికావల తాడేపల్లిలో వెలలు రాజధాని వార్తలను బట్టి ఆడుచున్నవి. అమరావతికి 2015లో శంకుస్థాపన జరిగినది, పనులు 2019 తరువాత నిలిచినవి, 2024 తరువాత మరల సాగినవి. ప్రతి మలుపునకు గజము ధర మాఱినదని అక్కడివారే చెప్పిరి. వార్తాపత్రిక చూచి ఇల్లు కొను ఓపిక మాకు లేదు.

చివరకు సత్యనారాయణపురములో నిలిచితిమి. పాతపేట. ఒకప్పుడు రైలుపట్టాలున్న చోట ఇప్పుడు వెడల్పైన బాట ఉన్నది; సాయంకాలము దాని వెంబడి ఫలహారపు బండ్లు వరుస తీరును. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నివసించిన పేట గనుక సంగీతము మాట ఇక్కడ ఇంకను వినబడును. ఏలూరు రోడ్డు పుస్తకముల అంగళ్లు దూరము కాదు. అది మావారికి ముఖ్యము, మా రొక్కమునకు ప్రమాదము. మేము చూచిన యిల్లు ఒక వృద్ధురాలగు వితంతువుది. క్రింద ఆమె, పైన అద్దెకు రెండు గదులు, వంటయిల్లు, చిన్న వరండా. వాకిట ఆఱు మెట్లు. మా అత్తగారు మెట్లను లెక్కించి, రెండవ మెట్టున నిలిచి, "మొన్నటి వానల్లో ఎంతదాకా వచ్చాయి వదినగారూ?" అని అడిగిరి. "మీరు నిలబడ్డ మెట్టుదాకే. మర్నాటికి దిగిపోయాయి" అని ఆమె చెప్పెను. అంతటితో విడువక మేము ప్రక్కయింట, ఎదురింట, వీధిచివర ఇస్త్రీబండి వాని భార్యను గూడ అడిగితిమి. నలుగురి మాట ఒక్కటిగానే యున్నది.

ఆ వీధిలోనే అమ్మకమునకున్న యిల్లొకటి చూడకపోలేదు. ఇరువదియైదేండ్ల కట్టడము, మూడవ అంతస్తు, లిఫ్టు లేదు, వెల 52 లక్షలు. నేలవాటా ఎక్కువే. కాని అంత పాత కట్టడమునకు బ్యాంకువారు తక్కువ అప్పే యిత్తుమనిరి. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు మూడంతస్తులు ఎక్కలేరు. ముప్పదియేండ్ల ఈ.సీ. తీయించి చూడగా నడుమ ఒక వాటాదారు సంతకము లేదని తేలినది. దానిని విడిచితిమి.

కావున కొనుట ఈ యేడు లేదు. మధ్యవర్తికి మావారు ఫోనులో ఆ మాట చెప్పగా ఆయన, ఇక ఈ వెలకు దొరకదని రెండుమాఱులు హెచ్చరించెను. దొరకకపోవచ్చును. నెలకు 11,000 అద్దెకు ఆ వరండా యింటిలో చేరితిమి. మూడు సంవత్సరముల వఱకు కదలింపనని ఆమెచే కాగితము వ్రాయించుకొంటిమి. అప్పునకు కట్టవలసిన దానికిని అద్దెకును గల భేదములో, పిల్లల ఫీజులు పోను నెలకు 8,000 చొప్పున పోస్టాఫీసులో మా పేర వేయుచున్నాము. ఈ పేటలో ఒక వర్షాకాలమంతయు గడచినపిదప, ఏ వీధిలో నీరు నిలిచినది, ఏ వీధిలో నిలువలేదు అని మా అత్తగారు చూచిచెప్పగా మరల వెదకుదుము. అరయెకరమును ఈ సంక్రాంతికి వెనుకటి రైతునకే కౌలుకిచ్చితిమి.