ఫేర్‌ఫ్యాక్సు కొండబాట

శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా, గోల్డెను గేటు వంతెన దాటి సుమారు 20 మైళ్లు పోయినచో ఫేర్‌ఫ్యాక్సు అను చిన్న యూరు వచ్చును. ఎండిన గడ్డితో బంగారు వన్నె దాల్చిన గుట్టలు చుట్టును గలవు. గత సెప్టెంబరులో మేము మా యమ్మాయిని చూడబోయినపుడు ఇచ్చట మూడు దినములు గడపితిమి. అమ్మాయికి కొండదారులలో సైకిలు త్రొక్కుటయందు మిక్కిలి మక్కువ. ఆ విద్యకు పుట్టినిల్లు ఈ యూరేయని చెప్పి మమ్ము వెంటబెట్టుకొని వచ్చినది.

ఊరి ప్రక్క కొండపై రీప్యాకు అను మట్టిబాట గలదు. 1976 అక్టోబరులో కొందరు స్నేహితులు పాత సైకిళ్లపై ఈ బాట వెంట దిగుచు పందెము వేసికొనిరి. దూరము సుమారు 2 మైళ్లు; ఆ కొంచెము దూరములోనే 1,300 అడుగుల దిగుడు. వెనుక చక్రపు బ్రేకు వేడెక్కి, లోని గ్రీజంతయు పొగయై పోయెడిదట. దిగిన పిమ్మట మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది గనుక, "మరల కూరుట" యను నర్థమున రీప్యాకు అను పేరు కలిగెను. వెండీ క్రాగ్ అను వనితయు ఆ బరువైన సైకిళ్లపై వారితో దిగినది. ఆమె తీసిన ఛాయాచిత్రముల వలన ఆ దినముల ముచ్చటలు నేటికిని నిలిచియున్నవి.

మొదటి దినమున కారులో అజేలియా కొండవరకు పోయి, అచ్చట నుండి పైను పర్వతపు బాట పట్టితిమి. అమ్మాయి సైకిలుపైనను, మేము కాలినడకను. బాటనిండ గులకరాళ్లు, నడుమ నడుమ తలలెత్తిన బండలు. ఎక్కునపుడు బాగుగనే యెక్కినది. దిగునపుడు మాత్రము ముందు చక్రము ప్రతి రాతికిని ఎగిరిపడుచుండెను. ఒక మలుపున చక్రము నేలను విడచి జారగా, అమ్మాయి పడిపోయినది. అరచేయి గీరుకొని నెత్తురు వచ్చెను.

ఆ గాయముకన్న ఆమె పలికిన మాట మమ్మెక్కువ నొప్పించెను. "అమ్మా, నా చేతులలోనే బలము లేదు. తోడివారందరును సుఖముగా దిగుచున్నారు. నాకు మాత్రము చేతులు తిమ్మిరెక్కి పట్టు తప్పుచున్నది. ఈ సైకిలు అమ్మివేసెదను" అనినది. అమ్మాయి బరువు 47 కిలోలు. ఇంకను తిని బరువు పెరుగుమని స్నేహితులు బోధించుచుండిరట. కన్నవారికి సహజమైనట్లు మేమును ఆ మాటయే యనబోయి, ఆమె మొగము చూచి యూరకుంటిమి.

మరునాడు ఊరిలో 2015లో వెలసిన సైకిళ్ల ప్రదర్శనశాల చూచితిమి. 1970ల నాటి సైకిళ్ల ముందుకాళ్లు, అనగా చక్రమును పట్టుకొనియుండు ఫోర్కులు, వట్టి యినుప గొట్టములు. రాతిదెబ్బ తిన్నగా చేతులకే తగిలెడిది. లోపల గాలియు నూనెయు నుంచి దెబ్బను మ్రింగు ఫోర్కులు 1990 ప్రాంతమున గాని విరివిగా అమ్మకమునకు రాలేదు. అది చూచి మాకొక సందేహము పుట్టెను: మా యమ్మాయి సైకిలుకు ఆ కొత్త ఫోర్కే యున్నదిగదా, దెబ్బలు చేతులకేల తగులుచున్నవి?

బ్రేకు చూపింప మరమ్మతు దుకాణమునకు పోయి ఆ మాటే యడిగితిమి. పనివాడు ఫోర్కుపైనున్న రబ్బరు ఉంగరమును చూచి నవ్వెను. ఎంతవరకు ఫోర్కు క్రుంగినదో ఆ యుంగరము చూపును. 120 మిల్లీమీటర్లు క్రుంగవలసిన ఫోర్కు నిన్న పడినపుడు సైతము 60 దాటలేదు. "ఇది యెవరి కొరకు అమర్చినది?" అని యడిగెను. అమ్మాయి దీనిని 85 కిలోల మనుష్యుని వద్ద కొనినది. ఆతడు తన బరువునకు నింపిన గాలియే యింకను అందులో నున్నది!

మన యూళ్లలో బరువైన కుండలకు చేసిన కావడిబద్దకు తేలిక కుండలు కట్టినచో బద్ద వంగదు. కుదుపంతయు భుజమునకే వచ్చును. ఇదియు నట్లే.

అమర్చిన విధము సోదరీమణులకు ఉపయోగపడునని వ్రాయుచున్నాము. అమ్మాయి నీళ్లసీసా, శిరస్త్రాణముతో సహా సైకిలెక్కి, త్రొక్కుళ్లపై నిలిచినది. ఊరక నిలిచినపుడే ఫోర్కు తన నిడివిలో అయిదవ వంతు, అనగా సుమారు 24 మిల్లీమీటర్లు క్రుంగవలెనట. 12 మాత్రమే క్రుంగెను. ముల్లుగల చిన్న పంపు తగిలించి, కొంచెము గాలి విడచుట, ఫోర్కును పలుమారు నొక్కి లోపలి గాలిని సమము చేయుట, మరల కొలుచుట. చదరపు అంగుళమునకు 82 పౌండ్లున్న గాలి 54కు వచ్చినపుడు కొలత కుదిరెను. తయారుచేసినవారు చెప్పిన కనిష్ఠమునకు తగ్గింపరాదని హెచ్చరించెను.

పని అంతటితో ముగియలేదు. క్రుంగిన ఫోర్కు మరల లేచు వేగమును దిద్దు మర యొకటి క్రిందనున్నది. దానిపై ఒకవైపు కుందేలు, ఒకవైపు తాబేలు బొమ్మలు. గాలి తగ్గినపుడు లేచుబలమును తగ్గును. పాత అమరికలో నుంచినచో ఫోర్కు లేవకముందే రెండవ రాయి వచ్చును. కావున కుందేలు వైపునకు నాలుగు మెట్లు త్రిప్పెను. గాలి తగ్గించి దీనిని మరచువారే యెక్కువ యట.

మూడవ దినమున అమ్మాయి స్నేహితురాలితో రీప్యాకు దిగుటకు పైకి పోయినది. మేము క్రింద కాస్కేడు లోయలో, వాగుప్రక్క చెట్లనీడను వేచియుంటిమి. ప్రతి చప్పుడునకును లేచి చూచుచుంటిమి. చాల సేపటికి ధూళి కప్పుకొని యిద్దరును వచ్చిరి. అమ్మాయి పలుకక తన రెండు చేతులను మా ముందు చాచి, వ్రేళ్లు ముడిచి విప్పి చూపినది. తిమ్మిరి లేదు. ఉంగరము 105 వద్ద నున్నది.

వేగముగా వచ్చినదా యని యడిగితిమి. "లేదమ్మా, అందరికన్న మెల్లగనే. కాని చక్రము నేలను విడువలేదు" అనినది. ఆ రాత్రి గాలికొలతయు, మెట్లలెక్కయు ఒక పుస్తకములో వ్రాసికొని సంచిలో నుంచుకొనినది. సైకిలమ్ము మాట మరల రాలేదు. తినుమను మాట మేమును అనలేదు.