అపహరణ

పదవీ విరమణానంతరం, సదుంలో స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పిల్లలకు తోడుగా స్వచ్ఛందంగా పోలీసు స్టేషనుకు వెళ్ళాను. కేరళలో 2010లో మొదలై, 2018లో దేశమంతటికీ విస్తరించిన పథకమిది.

అక్కడ చదువురాని ఒక అవ్వకు ఫిర్యాదు రాసిపెట్టాను: "నా గొర్రెలు అపహరణకు గురైనవి."

నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును రాసి, చెప్పినవారికి చదివి వినిపించాలన్నది పాత చట్టంలోనూ, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉన్న నియమం. స్టేషను రైటరు చదివాడు.

"అట్ల కాదు అయ్యోరా! తెల్లారుజామున ఆటోలో ఏసుకోని పోయినారు" అన్నది అవ్వ.

వేళా, వాహనమూ రెండూ నా సంస్కృతపదంలో మాయమైనవి! పిల్లలు నావైపే చూస్తున్నారు. ఆమె మాటల్లోనే తిరగరాశాను, వేలిముద్ర వేసింది.

ముప్పయ్యేళ్ళు పిల్లల ఇంటిమాటలను ఎర్రసిరాతో కొట్టివేసిన చేయి ఇది. మిత్రులారా, అసలు అపహర్తను నేనేనేమో!