ఆరు గేట్లు, ఒకటే టికెట్

పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో రైలు టికెట్ నా చేతిలో ఉన్న రోజు ఒక్కటీ గుర్తు లేదు. ముందు మా వారి చొక్కా జేబులో ఉండేది, తరవాత ఆయన ఫోన్లోకి పోయింది. నా బెర్తు నంబరు కూడా ఆయన చెబితేనే నాకు తెలిసేది. టీసీ వస్తే ఆయన చూపించేవారు, నేను పులిహోర డబ్బా మూత తీసుకుంటూ కూర్చునేదాన్ని. అందులో నాకెప్పుడూ లోటనిపించలేదు. నిరుడు ఫిబ్రవరిలో ఇంగ్లండులో ఆ టికెట్ నా చేతికొచ్చింది.

మా చెల్లి పురుటికని వెళ్ళాను. అమ్మ లేదు కాబట్టి అమ్మ చెయ్యాల్సినవన్నీ నేనే చెయ్యాలి. వాళ్ళు ఉండేది సౌతాంప్టన్‌లో, దేశానికి దక్షిణపు ఒడ్డున. మా అమ్మాయి చిన్ని చదువుకుంటున్నది లీడ్స్‌లో, ఉత్తరాన. పురిటి స్నానం అయి రెండు రోజులే అయింది. ఆ రాత్రి చిన్ని ఫోన్ చేసింది. గొంతు బొంగురుగా ఉంది. మూడు రోజులుగా జ్వరమట. "ఏం లేదమ్మా, నువ్వు రావద్దు, పిన్ని దగ్గరే ఉండు" అంది. రావద్దు అని రెండోసారి కూడా అంది. పిల్లలు రెండుసార్లు రావద్దంటే దానర్థం ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

చెల్లి పచ్చి బాలింత. మరిదిగారికి సెలవు లేదు. మా వారు హైదరాబాదులో. "ఒక్కదానివే ఎలా వెళ్తావు? మధ్యలో లండన్‌లో రైలు మారాలి. ఒక్క రోజు ఆగు, ఎవరైనా తోడు దొరుకుతారేమో చూద్దాం" అన్నారు ఫోన్లో. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఆ రాత్రంతా నా చెవిలో చిన్ని దగ్గే వినపడింది. తెల్లారేసరికి చెల్లిని లేపి టికెట్ కొనమన్నాను.

లండన్‌లో రైలు మారడమంటే మనం విజయవాడలో ఒకటో ప్లాట్‌ఫారం నుంచి ఆరో ప్లాట్‌ఫారానికి వెళ్ళినట్టు కాదు. దక్షిణం నుంచి వచ్చే మా రైలు వాటర్‌లూ స్టేషన్‌లో ఆగిపోతుంది. లీడ్స్ రైలు కింగ్స్ క్రాస్ అనే ఇంకో స్టేషన్‌లో బయల్దేరుతుంది. కాచిగూడలో దిగి సికింద్రాబాద్‌లో ఎక్కాలన్నమాట. ఆ మధ్య దూరం భూమి కింద మెట్రోలో వెళ్ళాలి. అయితే మొత్తానికి టికెట్ ఒకటే. మరిదిగారు మెషీన్‌లోంచి తెచ్చిన ఆ అట్ట ముక్క మన ఏటీఎం కార్డంత ఉంది, నారింజ రంగు పట్టీతో. వెనక నల్లటి అయస్కాంతపు గీత. ముందు వైపు ఒక చిన్న శిలువ లాంటి గుర్తు. ఆ గుర్తు ఉంటే లండన్ లోపలి మెట్రో ప్రయాణం కూడా అందులోనే ఉన్నట్టట.

చెల్లి పక్కలో కూర్చునే ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చింది. మొత్తం ఆరు గేట్లు. ఒకటి సౌతాంప్టన్‌లో లోపలికి. రెండు వాటర్‌లూలో బయటికి. మూడు అక్కడే కింద మెట్రోలోకి. నాలుగు కింగ్స్ క్రాస్‌లో మెట్రో నుంచి బయటికి. ఐదు పైన లీడ్స్ రైలు దగ్గరికి. ఆరు లీడ్స్‌లో బయటికి. "మెట్రో గేటు దగ్గర బావగారి కార్డు ఆనించకక్కా, మళ్ళీ డబ్బులు పోతాయి. ఇదే టికెట్ పెట్టు" అని కింద గీత గీసి మరీ రాసింది. "చవక టికెట్ కదా, మధ్యలో స్టేషన్ దిగి ఊరు చూసి వస్తానంటే కుదరదు. రైలు మారడానికి గేటు దాటితే మాత్రం తప్పు లేదు."

మిరియాల పొడి, చింతపండు, నిమ్మకాయ ఊరగాయ, రెండు దుప్పట్లు సూట్‌కేసులో సర్దాను. సౌతాంప్టన్‌లో మొదటి గేటు దగ్గర అక్కడి ఉద్యోగి నా పెట్టె చూసి, టికెట్ ఒకసారి చూసి, వెడల్పు గేటు తనే తెరిచాడు. "జాగ్రత్త వదినగారూ" అన్నారు మరిదిగారు అవతల నుంచి. రైలు గంటా ఇరవై నిమిషాలకి వాటర్‌లూ చేరింది. ఆ గంటా ఇరవై నిమిషాలూ నేను కిటికీ చూడలేదు. టికెట్ పర్సులో ఉందో లేదో చూసుకుంటూ కూర్చున్నాను.

వాటర్‌లూలో జనం ఏరులా గేట్ల వైపు పోతున్నారు. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. మన హైదరాబాద్ మెట్రోలో టోకెన్ ఎలా ఉంటుంది? లోపలికి వెళ్ళేటప్పుడు ఆనిస్తాం, బయటికి వచ్చేటప్పుడు రంధ్రంలో వేస్తాం. వేశామంటే గేటు మింగేస్తుంది. అమీర్‌పేటలో రెడ్ లైన్ నుంచి బ్లూ లైన్‌కి మారినా గేటు దాటే పని లేదు కాబట్టి ఈ చిక్కు మనకి రాదు. ఇక్కడ సగం దారిలో బయటికి వెళ్ళాలి. ఇది టికెట్ మింగేస్తే? ఇంకా నాలుగు గేట్లు ఉన్నాయి. నేను చదివింది తెలుగు బీఏ. "మీ గేటు నా టికెట్ తినేసింది" అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని మనసులో వాక్యం కట్టుకుంటూనే టికెట్ ఆ సందులో పెట్టాను. సర్రున లోపలికి లాక్కుంది.

గేటు తెరుచుకోలేదు.

నిలబడ్డాను. నా వెనక మనుషులు ఆగిపోయారు. గేటు తలుపుల మీద చెయ్యి వేసి నెట్టాను కూడా. కదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. వెనక నుంచి ఒక పెద్దావిడ, డెబ్భై ఏళ్ళుంటాయేమో, నా భుజం తట్టి గేటు పైకి వేలు చూపించింది. నా టికెట్ అక్కడే ఉంది. పై సందులోంచి సగం బయటికి వచ్చి, తీసుకోమన్నట్టు నిలబడి ఉంది. నేను లాగీ లాగగానే తలుపులు తెరుచుకున్నాయి.

గేటు తెరుచుకోవాలని నేను, నేను టికెట్ తీసుకోవాలని గేటు. అంతసేపూ జరిగింది అదే. ప్రయాణం ఇంకా మిగిలి ఉంటే గేటు టికెట్ తిరిగి ఇస్తుంది. దాన్ని మనం చేత్తో తీసుకుంటేనే దారి ఇస్తుంది, మరిచిపోయి వెళ్ళిపోకుండా. ఎంత తెలివైన ఏర్పాటో! ఆ ఒక్క ముక్కే చెల్లి రాయలేదు. రోజూ దాటేవాళ్ళకి అది చెప్పాల్సిన విషయమని తోచదు. కొత్త కోడలికి మనం "తగినంత ఉప్పు" అని చెప్పి ఊరుకోమూ? తగినంత అంటే ఎంతో మన చేతికి తెలుసు, ఆ పిల్ల చేతికి తెలియదు.

మూడో గేటు దగ్గర ఇంకో పొరపాటు చేశాను. టికెట్‌తో పాటు అదే కొలతలో, అదే రంగులో సీటు నంబరు ఉన్న చీటీ ఇంకొకటి ఉంది. కంగారులో అది పెట్టాను. ఎర్ర లైటు వెలిగి, సాయం అడగమని అక్షరాలు వచ్చాయి. అక్షరాలే కదా, చదివాను, అడిగాను. యూనిఫాంలో ఉన్నతను వచ్చి "ఎక్కడికి?" అన్నాడు. "లీడ్స్. మై డాటర్, ఫీవర్" అన్నాను. ఇంకో మాట రాలేదు. అతను నా చేతిలో రెండు అట్టలూ చూసి శిలువ గుర్తున్నది తీసి, "ఇది" అని నా చేతిలోనే పెట్టి, నన్నే గేటులో పెట్టమన్నాడు. పెట్టాను. పైన వచ్చింది. తీసుకున్నాను. తలుపులు తెరుచుకున్నాయి.

ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో మెట్రో లైను మారడం మాత్రం అమీర్‌పేట కన్నా సులువు. ఈ రైలు దిగి అదే ప్లాట్‌ఫారం అవతలి పక్క రైలెక్కడమే. గేటు లేదు. కింగ్స్ క్రాస్‌లో నాలుగో గేటు, పైకెక్కాక ఐదో గేటు. ఈ రెండిటి దగ్గరా నా చెయ్యి నా కన్నా ముందే పైసందు దగ్గర ఉంది. ఐదోది దాటాక ఎవరూ చూడకుండా కొంచెం నవ్వుకున్నాను కూడా. సీట్లో కూర్చుని మా వారికి ఫోన్ చేసి "లీడ్స్ రైలెక్కాను" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "టికెట్ జాగ్రత్త" అన్నారు. "నా దగ్గరే ఉంది" అన్నాను.

రెండుంపావు గంటల తరవాత లీడ్స్. చలికి ప్లాట్‌ఫారం మీద అందరూ గబగబా నడుస్తున్నారు. గేట్ల అవతల నా పిల్ల. రావద్దన్నా వచ్చింది. తలకి మఫ్లరు, ఒంటి మీద కోటు, కళ్ళు లోపలికి పోయి, జనంలో నన్ను వెతుకుతూ నిలబడింది. నేను ఆరో గేటులో టికెట్ పెట్టి, నేర్చుకున్న పాఠం ప్రకారం పైసందు మీద చెయ్యి ఉంచి ఎదురు చూస్తున్నాను. తలుపులు తెరుచుకున్నాయి. టికెట్ రాలేదు. నేను కదల్లేదు.

"అమ్మా, వచ్చెయ్! అది ఇంక రాదు!" అని అవతల నుంచి చిన్ని అరిచింది. ఆ అరుపుకి దగ్గు ముంచుకొచ్చి వంగిపోయింది. నేను పెట్టె లాక్కుంటూ ఒక్క ఉదుటున దాటాను. నుదుటి మీద చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది.

"ఒక్కదానివే వచ్చావా?" అంది నా భుజం మీద తల పెట్టి. "పిన్ని చెప్పినప్పుడు నమ్మలేదు."

ఆ రాత్రి మిరియాల చారు పెట్టాను. మూడు రోజుల తరవాత మొదటిసారి కడుపునిండా తిన్నానంది. జ్వరం తగ్గడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో తెలిసింది, అది జ్వరం ఒక్కటే కాదని. ఇంటి మీద బెంగ, చదువు మీద దిగులు, ఇద్దరు స్నేహితురాళ్ళతో మాటల్లేకపోవడం, అన్నీ ఫోన్లో "బావున్నానమ్మా" వెనక దాచుకుంది. ఒక్క రోజు ఆగి తోడు చూసుకుని వెళ్ళినా ఇవన్నీ చెప్పేదేమో. కానీ పక్కన ఇంకొకరుంటే అర్ధరాత్రి నా దుప్పట్లోకి దూరి చెప్పేది కాదు.

మీలో చాలామంది పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. ఎప్పుడో ఒకప్పుడు మీరూ అక్కడ ఒంటరిగా రైలు మారాల్సి రావచ్చు. చెల్లి రాయని ముక్క మీకు నేను రాస్తున్నాను. దారి మధ్య గేటు టికెట్ తీసుకుందని బెదరకండి, పైన చూడండి, తీసుకోండి, అప్పుడే తెరుచుకుంటుంది. సీటు చీటీ విడిగా పెట్టుకోండి. తెరుచుకోకపోతే నెట్టకండి, పక్కనున్నవాళ్ళని అడగండి, భాష అడ్డం రాదు. చివరి గేటు దగ్గర మాత్రం టికెట్ కోసం చూడకండి.

ఆ టికెట్ దాచుకుందామనుకున్నాను, లీడ్స్ గేటు ఉంచేసుకుంది. సీటు నంబరు చీటీ మాత్రం నా పర్సులో ఉంది. మొన్న తిరుపతి వెళ్ళేటప్పుడు మా వారు ఫోన్లో టికెట్ చూసుకుంటుంటే, "నాకూ పంపండి" అన్నాను. పంపారు. టీసీకి నేనే చూపించాను.