నడిచి చూడవలసిన నగరం బెజవాడ

పెద్ద రైల్వే జంక్షన్‌గా, మండే ఎండలకు పేరుపడ్డ ఊరుగా విజయవాడను చాలామంది ఎరుగుదురు. ఏడాది పొడవునా నడవదగ్గ ఊరని ఎరిగినవారు తక్కువ. పక్కన కృష్ణ, ఊరి నడుమ ఏలూరు, బందరు, రైవస్ కాలువలు, చుట్టూ కొండలు. నడకదారులకు ఇంతకన్నా ఏం కావాలి?

కాటన్ దొర సంకల్పంతో 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలు డెల్టాకు నీళ్లతో పాటు పడవలనూ మోశాయి. గాలి అనుకూలించనప్పుడు పడవవాళ్లు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అంటే మా కాలువగట్లు పుట్టుకతోనే నడకదారులు. ఆ ఆనకట్టకు బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

వేసవిలో తెల్లవారకముందే బయలుదేరాలి. గాంధీ కొండ ఎక్కితే 1968లో రాష్ట్రపతి జాకీర్ హుసేన్ ఆవిష్కరించిన 52 అడుగుల స్తూపం, దాని కింద నగరమంతా కనిపిస్తాయి. వానాకాలం బ్యారేజీది. గేట్లెత్తిన రోజున ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. దసరాకు, కార్తీకానికి ఘాట్లు నిండిపోతాయి. చలికాలంలో ఎర్రబట్టలు కట్టి, ఇరుముడి తలకెత్తుకుని కాలినడకన వచ్చే దుర్గమ్మ భక్తులు, భవానీలు, ఇంద్రకీలాద్రి చుట్టూ గిరిప్రదక్షిణ చేస్తారు. మా ఊళ్లో నడకకు ఉన్న సంప్రదాయం అది.

చలికాలంలోనే కొండపల్లి అడవి వైపూ వెళ్లండి. మూలపాడు దగ్గర సీతాకోకచిలుకల పార్కు, చెట్ల మధ్య కాలిబాటలు ఉన్నాయి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి ఈ కొండల చెట్టే. కొండపల్లిలో బొమ్మలు చేసే ఏ ఇంటి అరుగు మీదనైనా చూడండి: తేలికైన ఆ కర్రను చెక్కి, విడిభాగాలను చింతగింజల మక్కుతో అతికి, ఆరాక రంగులు వేస్తారు.

ఇవన్నీ ఇప్పుడు తునకలుగా ఉన్నాయి. పవిత్ర సంగమం నుంచి దుర్గా ఘాట్, అక్కడి నుంచి కృష్ణలంక, ఆపైన కాలువగట్ల మీదుగా పల్లెల దాకా ఒకే బాటగా కలపాలి. ఎండకు నీడనిచ్చే వేప, కానుగ చెట్లు, తాగునీరు, రాత్రి దీపాలు ఉంటే చాలు.

ఇది విలాసం కాదు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినా రక్షణ గోడ కృష్ణలంకను కాపాడింది. ఆ గోడ చెంతనే నేడు రివర్‌ఫ్రంట్ పార్కులో జనం నడుస్తున్నారు. అవే రోజుల్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. అలాంటి వాగుల గట్ల మీదా నడకదారి ఉండాలి: జనం రోజూ నడిచే గట్టును ఆక్రమించడం కష్టం, అది కోసుకుపోతుంటే చూసేవాళ్లూ ఉంటారు. నడకదారి నగరానికి కాపలా కూడా.

మహాసభలకు వచ్చిన ప్రతినిధులారా, సభల నడుమ ఒక ఉదయం మా కోసం కేటాయించండి. కారు దిగి, ఒక ఘాట్ నుంచి మరో ఘాట్ దాకా నడవండి. బాగున్నది మెచ్చుకోండి, లోపమున్నది మాకు చెప్పి వెళ్లండి. మీ ఊళ్లోనూ ఏరో, చెరువో ఉంటే దాని గట్టును నడిచేవాళ్లకు దక్కేలా చూడండి.